పనికి పోయే చీర

కుళాయి నీళ్లు వచ్చి ఆగిపోయాక, కామాఠీపురాలో తెలుగు కూలీలు ఒక్కో గదిలో ఉండే చాల్ రెండో అంతస్తులో తీగ మీద ఆరేసిన అంజమ్మ చీర కిందికి దిగుతుంది. తనంతట తానే గోచి పెట్టుకుని, కొంగు బిగించి, లోపల మనిషి ఉన్నట్టే నిలబడి మెట్లు దిగి, కూలీలు పని కోసం నిలబడే నాగ్‌పాడా నాకాకు పోతుంది. అంజమ్మ మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చుంది గాని చీర కూర్చోలేదు. నాకా మీద మేస్త్రీలకు అదంటే ఇష్టం, బీడీకని పక్కకు పోదు, ఫోను చూడదు. సాయంత్రం సిమెంటు మరకలతో తిరిగొచ్చి కూలి డబ్బు కొంగులోంచి అంజమ్మ చేతిలో వేస్తుంది. పక్కింటి శాంతాబాయికి ఒకటే ఫిర్యాదు, మెట్ల నిండా ఇసుక రాలుస్తోందని.

అంజమ్మ మనవరాలు రాధిక మాత్రం చచ్చినా తట్ట ఎత్తనని ఒట్టు పెట్టుకుంది. అందుకే గ్రాంట్ రోడ్ దగ్గర మేఘా మేడమ్ దుకాణంలో చేరింది. పర్మినెంట్ చేస్తానని మేడమ్ అంటూనే ఉంది, చేయడమే లేదు.

ఆ దుకాణం గురించి చెప్పాలంటే నాకు నోరు చేదవుతుంది. పాడని రేడియోలు, తిరగని గడియారాలు అక్కడి సరుకు. స్టీలు వచ్చిన రోజున మనవాళ్లు సిగ్గుపడి పారేసిన పెచ్చులూడిన పింగాణీ పళ్లేలు అక్కడ గోడలెక్కాయి. కొత్త రవికెలకు పనిగట్టుకుని మాసికలు వేయించి అమ్ముతారు. పాత బొమ్మల పుస్తకాలు ప్లాస్టిక్‌లో బిగించి ఉంటాయి. ఏ పిల్లవాడైనా ఏనుగు బొమ్మ మీద చెయ్యి వేస్తే తల్లి ఆ చేతి మీద ఒక్కటి వేస్తుంది, వింటేజ్ అట, ముట్టుకోకూడదట. అట్టల రంగు సోఫాకు నప్పితే కొంటారు, లేకపోతే లేదు. చదివే పాపాన పోయినవాళ్లు ఒక్కరూ లేరు.

రాధిక ఫోనులో ఆ చీర ఫోటో చూసి మేఘా సంబరంతో ఊగిపోయింది.

"ఈ వెలిసిన రంగు చూశావా! ఎక్కడా దొరకదు. ఎగ్జిబిషన్ రోజు నువ్వు ఇది కట్టుకుని పుస్తకాల పక్కన బొమ్మలా నిలబడు. ఆ రోజుతో నువ్వు పర్మినెంట్" అంది హిందీలో.

రాధిక ఇంటికొచ్చి అడిగింది. "అవ్వా, నీ చీర ఒక్కరోజు ఇస్తవా?"

"నాదేడిదే? పనికి పోయేది అది. నాగా పడితే మేస్త్రీ ఊకుంటడా?"

"ఎగ్జిబిషన్ అమావాస్యనాడే అవ్వా. ఆనాడు చుట్టీనే గదా."

అంజమ్మకు ఆ మాట నచ్చింది. అమావాస్యనాడు ఏ మేస్త్రీ తాపీ ముట్టడు, చీర కూడా ఆ రోజంతా తీగ మీదే పడుకుంటుంది. "గట్లయితే తీస్కపో బిడ్డా" అంది.

అవ్వా మనవరాలూ ఇద్దరూ పొరబడ్డారు. దుకాణానికి ఎదురుగా లేస్తున్న టవర్ ఏదో పెద్ద కంపెనీది. వాళ్లకు చంద్రుడితో పని లేదు.

అమావాస్య వచ్చింది. చల్లటి గ్లాసులు పట్టుకున్న ఆడవాళ్లు రాధిక చుట్టూ తిరిగారు, అంచు పట్టి నలిపి చూశారు. ఒకావిడ ఆమె ముఖం వదిలేసి పాదాలకు మాత్రం ఫోటో తీసుకుంది. అంతలో రోడ్డు అవతల కాంక్రీటు మిక్సర్ గరగరమంది. రాధిక నడుము దగ్గర గోచి బిగిసింది.

"మేడమ్, నన్ను పట్టుకోండి" అంది రాధిక.

"కదిలావంటే ఉద్యోగం ఉండదు" అంది మేఘా నవ్వు చెదరనీయకుండా.

కదలకుండా ఉండటం రాధిక చేతిలో లేదు. చీర ఆమెను రోడ్డు దాటించి గేటులోకి తీసుకుపోయింది.

"గింత లేటా? ఎత్తు గమేలా" అని మేస్త్రీ ఆమె తల మీద ఇసుక తట్ట పెట్టాడు. రాధిక ఏడుస్తూనే మోసింది. రెండో తట్టకు వెనక నుంచి చప్పట్లు వినపడ్డాయి. గ్లాసుల వాళ్లంతా గేటు దగ్గర చేరి, ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని వీడియోలు తీస్తున్నారు. ఏడుపు మరీ సహజంగా ఉందని ఒకావిడ మెచ్చుకుంది. సిగ్గులేని మంద!

పొద్దు గూకాక గోచి వదులైంది. రాధిక దుకాణంలోకి వచ్చి బట్టలు మార్చుకుంది. మెడ తిరగడం లేదు.

"పర్మినెంట్!" అంది మేఘా కళ్లు మెరుస్తుండగా. "రోజూ ఇలాగే చెయ్యాలి. ఏం, కష్టమా? కష్టమైతే చీర ఇచ్చేసి పో, నేనే కట్టుకుంటా. ఆ మాత్రం మొయ్యలేనా?"

ఏ పని తప్పించుకోవాలని ఇంత దూరం వచ్చిందో ఆ పనే పర్మినెంట్ అయింది. చీర సంగతి మేడమ్‌కు చెప్పాలని రాధిక నోరు తెరిచింది. తన ముఖం వదిలేసి పాదాలకు తీసిన ఆ ఫోటో గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

"మీకే మంచిగుంటది మేడమ్" అని చీర మడిచి ఆమె చేతుల్లో పెట్టింది.

మర్నాడు మేఘా కోరి కట్టుకుంది. మొదటి రోజు ఆమె ఇసుక మోస్తుంటే చప్పట్లు పడ్డాయి. తర్వాత అందరికీ ఇంకేదో పాత సరుకు మీద మోజు పుట్టి ఎవరూ రాలేదు. చీర మాత్రం పనికి పోవడం మానలేదు. గోచి విప్పబోతే ముడి రాలేదు. కోరి వచ్చిన కూలీని ఎవరు వదులుకుంటారు?

ఇప్పుడు పొద్దున దుకాణం తాళం రాధిక తీస్తుంది. మేడమ్ ఏరీ అని ఎవరైనా అడిగితే పనికి పోయిందని చెబుతుంది. సాయంత్రం చీర చాల్ మెట్లెక్కుతుంది, లోపల మేఘాతో. శాంతాబాయి బకెట్ పక్కకు జరిపి దారి ఇస్తుంది. మేఘా అంజమ్మ చేతిలో కూలి డబ్బు వేసి గుమ్మం దగ్గర కూలబడుతుంది.

నిన్న అంజమ్మ ఆమె మాడు తడిమి చూసింది.

"తట్ట కింద నెత్తిన చుట్టబట్ట పెట్టుకోకుంట మోస్తున్నవా బిడ్డా? తోలంత లేచిపోయింది గదనే" అని నూనె రాసింది. తర్వాత లోపలికి తిరిగి కేకేసింది. "రాధికా, ఇంకో రొట్టె తే. పని మీదికెల్లి వచ్చిన మనిషి."

రాధిక రొట్టె తెచ్చి వడ్డించింది. మేఘా తల ఎత్తకుండా తింది.