పసుపు కింది నంబరు

సర్వే గొలుసు దిగువ గట్టున ఉన్న వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దుటి నుంచి ఓబన్న, ఆయన భార్య గురమ్మ ఎండలో సర్వేయరు వెనకాలే తిరుగుతున్నారు. అన్నం మూట ఇంకా విప్పలేదు. ఏళ్ల తరబడి బద్వేలు కోర్టు చుట్టూ తిరగ్గా తిరగ్గా, రెవెన్యూ వాళ్లూ అటవీశాఖ వాళ్లూ కలిసి కొలవమని ఉత్తర్వు వచ్చింది. కొండ వారనున్న ఈ మూడెకరాలు వాళ్ల పట్టానా, రిజర్వు అడవా అన్నది ఈ రోజుతో తేలాలి. చేలో వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే దశలో ఉంది.

వేపచెట్టు కింద వాళ్ల గంగమ్మ ఉంది. మోకాలెత్తు రాయి. ఏటా విత్తనం వేసే ముందు గురమ్మ దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొడుతుంది. అంతకు ముందు ఆమె అత్త పూసేది. పసుపు పొరలు పొరలుగా గట్టిపడి, అసలు రాయి కనపడ్డమే మానేసింది.

సర్వేయరు పాపం చెప్పులు విప్పాకే రాయి దగ్గరికి వెళ్లాడు. తర్వాత తాళంచెవితో గీకాడు. పెచ్చులూడి, కింద చెక్కిన అంకెలు బయటపడ్డాయి.

"ఇది అడవి సరిహద్దు రాయి. పటంలో ఉన్న నంబరే. దీనికి పైనున్నదంతా రిజర్వు" అన్నాడు.

పైనున్నదంటే మూడెకరాలూ.

గురమ్మకు ఆ రాయి ఇక్కడికొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడు, మోకాళ్ల నొప్పులతో చేనుకు పైనున్న కొండ వారకు ఎక్కి మొక్కలేక అత్త ఏడుస్తుంటే, మామ ఆ రాయిని పెకలించి బండిలో వేసుకొచ్చి ఈ నీడలో నిలబెట్టాడు. దేవర అనుకున్నారే గానీ, అది సర్కారు సొత్తని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? భక్తి కూడా భూమిని మింగుతుందని ఎవరనుకున్నారు?

"సార్, ఆ రాయి ఈడిది కాదు. పైన ఉండ్య. మా మామే తెచ్చి ఈడ పెట్టినాడు" అంది గురమ్మ.

అటవీశాఖ బీటు ఆఫీసరు వెంకటేశ్వర్లు ఆమెను పక్కకు పిలిచాడు. కసురుకోలేదు కూడా. "అమ్మా, సరిహద్దు రాయి కదిలిస్తే కేసు. ఆ మాట రాస్తే జైలు దాకా పోతుంది. ఊరుకో. ఈ పంట పీక్కునేదాకా నేనేమీ అనను."

ఆ దయకు ఓబన్న కరిగిపోయాడు. కొట్లాడే ఓపిక ఆయనలో ఎప్పుడో అయిపోయింది. "ఊరకుండు మే. ఈ పంటన్నా ఇంటికొస్తాది. ఇంగ నేను తిరగలేను."

"పీక్కున్నాక ఏం తిందాం? యాడికి పోదాం?"

గురమ్మ ఆఫీసరు వైపు తిరిగింది.

"రాసుకో సార్. తెచ్చినాయప్ప సచ్చిపోయినాడు. పసుపు పూసినదాన్ని నేనుండా, నా పేరే రాసుకో. ఈన్నించి కొలిస్తే మాత్రం నేనొప్పుకోను. పైన రాయి తీసిన గుంత ఉండాది, రాండి, సూపిస్తా."

సర్వేయరు గొలుసు పట్టుకుని ఆఫీసరు ముఖం చూశాడు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఇన్నేళ్ల వానలకు ఆ గుంత ఉందో పూడిపోయిందో గురమ్మకూ తెలియదు.

ఆమె ఎవరి కోసమూ ఆగలేదు. చేను దాటి ముళ్లకంపలోకి నడిచింది. కాసేపటికి ఓబన్న చెట్టుకు ఆనించిన గడ్డపార అందుకుని ఆమె వెనకాలే బయల్దేరాడు. మిగతావాళ్లు ఇంకా వేపచెట్టు నీడలోనే ఉన్నారు.