కొర్రన్నం మార్పిడి

పెళ్లాం పోయాక ఏసోబుకు మిగిలినవి చక్కెర జబ్బు, కాలి మీద మానని పుండు, రేషన్ బియ్యం. కొర్రలు తినకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని నర్సు బెదిరించింది. కొనే తాహతు లేదు.

అతను కూలికి పోయే చేను ఆసామి ఓబుళరెడ్డిదీ అదే జబ్బు. ఆయనకు కోడలు యామిని రోజూ చేనికి కొర్రన్నమే పంపేది. అది చూస్తేనే ఆయనకు ఏడుపొచ్చేది.

"ఏసోబూ, ఇది నువ్వు తిని నీ తెల్లన్నం ఇట్లియ్యప్పా. నీ కూడు తింటాండానని ఇంట్లో తెలిస్తే పరువు పోతాది."

ఏసోబు ఇష్టం లేనట్టు ముఖం మాడ్చుకుని గిన్నె మార్చుకున్నాడు.

కొన్నాళ్లకు పుండు మానుపట్టింది. రెడ్డికి చక్కెర పెరిగింది. యామిని చేనికే వచ్చి నిలదీసింది.

"ఏసోబూ, మా మామ ఈడ దొంగతనంగా ఏం తింటాండాడు?"

ఆమె వెనక రెడ్డి చేతులు జోడించాడు.

"ఏమీ లేదమ్మా. ఆ కొర్రన్నమే రొంత ఎక్కువ పంపు. శానా ఇష్టంగా తింటాండాడు, చాలడం లేదు."