ఒకే కత్తికి తెగిన తివాచీలు

కొచ్‌కోర్‌లో పెద్దరికం కొద్దీ అందరూ అప అని పిలిచే బత్మాకాన్ తివాచీల షెడ్డు తలుపు తీస్తే ముందు తడి గొర్రె వాసన కొడుతుంది, ఆ తర్వాత ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తాయి. ఎనిమిదింటికల్లా పొయ్యి మీద నీళ్లు తెర్లుతుంటాయి. చాప మీద ఉన్ని పరిచి, వేణ్ణీళ్లు చల్లి, చాపతో సహా చుట్టేసి, ఇక మోచేతులతో నొక్కుతూ దొర్లించడమే దొర్లించడం. మధ్యాహ్నానికి ఆ ఉన్ని కాస్తా వేలి మందాన గట్టిపడుతుంది.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఎర్ర ఉన్ని పరుపు మీద నల్లది వేసి, రెంటినీ కలిపి ఒకే కత్తితో పొట్టేలు కొమ్ముల ముగ్గు కోస్తారు. ఎర్ర కొమ్ములు నల్లదాంట్లోకి, నల్ల కొమ్ములు ఎర్రదాంట్లోకి పోతాయి. గోరంత ముక్క కూడా వృథా కాదు. అలా ఒక్క కోతకి రెండు తివాచీలు పుడతాయి, కవలల్లాగ.

కవలలన్నాక ఒకదాని బాధ ఇంకోదానికి తెలియకుండా ఉంటుందా? బిష్కెక్‌లో ఒకరింట్లో టీ ఒలికితే నారిన్‌లో ఇంకొకరి తివాచీ చెమ్మగిల్లుతుంది. కొనేవాళ్లకి అప ముందే చెప్పేస్తుంది. "దీని జంట పోయిన ఇంట్లో పసిపిల్లలున్నారు. పక్క తడిస్తే తర్వాత నన్ననకండి!" ఆ మాట పట్టుకుని వాళ్లు ధర తగ్గించమని బేరమాడతారే గానీ, ఇదెక్కడి విడ్డూరం అని ఎవరూ అనరు.

బురుల్చా ఆ షెడ్డులో చేరి ఏడేళ్లయింది. చేరిన రోజున అప ఒక జంట కోయించి, నల్లదాన్ని తన ఇంట్లో గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట పరిపించింది. ఎర్రదాన్ని బురుల్చా చేతుల్లో పెట్టింది. "నువ్వు పరాయిదానివి కాదే. ఇక్కడ అందరూ నా బిడ్డలే" అంది. అప్పుడు బురుల్చాకి కళ్లనీళ్లు తిరిగాయి కూడాను.

ఈ చలికాలం బురుల్చా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. చేతులు వేణ్ణీళ్లలో, వీపు మంచుగాలిలో పెట్టుకుని ఏడేళ్లు పనిచేస్తే ఇంకేం చేరుతుంది? డాక్టరు చీటీ రాశాడు. మూడు వారాలు మంచం దిగకూడదు, ఈలోగా తడిలో దిగితే ఊపిరితిత్తి జన్మలో కోలుకోదు అన్నాడు. ఆ చీటీ అపకిస్తే ఆవిడ చదివి, టీ కూజా కింద పెట్టుకుంది.

"పడుకోవే తల్లీ, పడుకో. వద్దంటానా? జీతమంటావా, పని చేసిన రోజుకే జీతం. అది అందరికీ ఒకటే."

అందరికీ ఒకటే! మొన్న శరదృతువులో అప సొంత కూతురు నూర్జాత్‌కి కాలు బెణికింది. నాలుగు వారాలు దిండ్లమీద కాలు పెట్టుకుని కూర్చుంది. ఒక్క రోజు జీతం తెగలేదు. షెడ్డులో అందరికీ తెలుసు. దానిమీద తొతుగుల్ అక్క విసురు కూడా విసిరింది: "మనం కాలు విరక్కొట్టుకునే ముందు ఎవరి కడుపున పుట్టాలో చూసుకోవాల్సింది."

బురుల్చా మొగుడు ఎవరిదో మందతో పైన చలికాలపు మేతకి వెళ్లాడు. మంచు కరిగేదాకా దిగడు. ఇంట్లో బొగ్గు అడుగంటింది. పిండి సంచీ దులిపితే రెండు రొట్టెలకొస్తుందేమో. సోమవారం షెడ్డుకి పోక తప్పదు, ఊపిరితిత్తి ఏమైతే అదవుతుంది అనుకుని ఆమె ఎర్ర తివాచీ మీద పడుకుని, ఒళ్లు కాలిపోతుంటే రోజులు లెక్కపెట్టుకుంటోంది.

శనివారం పొద్దున అప మరిది సాగిన్ బండేసుకుని వచ్చాడు. మంచు దులుపుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏం చెల్లాయ్, బతికే ఉన్నావా?"

"నీ ముఖం చూడకుండా చస్తానా అన్నా? లోపలికి రా."

"కూర్చునే తీరిక లేదు. ఇవాళ మా వదిన కొడుకు ఎర్మెక్‌కి పిల్లనిచ్చేవాళ్లు సంబంధం మాట్లాడుకోవడానికి వస్తున్నారు." సాగిన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నువ్విక్కడ వణికితే అక్కడ టీ గిన్నెలు గజగజలాడుతున్నాయి. నువ్వు దగ్గితే అప ముందున్న పళ్లెం ఎగిరిపడుతోంది. తివాచీ పెనంలా కాలుతోంది. అందుకని అప చెప్పమంది... ఈ ఒక్క పూటకీ..."

"ఈ ఒక్క పూటకీ?"

"తివాచీ చుట్టేసి, మామూలు నేల మీద పడుకోమంది."

"ఆవిడ తన తివాచీ తీసేసుకోవచ్చుగా?"

"పెళ్లిమాటల పూట పెద్దల చోటు బోసిగా ఉంచుతారా? పైగా పిల్ల నాయనమ్మ పోయినసారి దాన్నే మెచ్చుకుంది."

బురుల్చా దుప్పటి పక్కకి తోసింది. లేచి, అలవాటుగా తివాచీ కొస పట్టుకుని ఒక చుట్ట చుట్టింది. కింద మట్టినేల మంచుగడ్డలా తగిలింది అరికాలికి. ఆమె కొస వదిలేసింది.

"అన్నా, అపకి నా మాటగా చెప్పు. బిడ్డవి అని ఇచ్చింది ఇది. బిడ్డకి జ్వరమొచ్చింది. బిడ్డ దీనిమీదే పడుకుంటుంది."

సాగిన్ ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వి, "నా తల తెగ్గొడుతుంది మా వదిన!" అంటూ వెళ్లాడు. పోతూపోతూ బండిలోంచి బొగ్గుబస్తా ఒకటి దించి గుమ్మం పక్కన పెట్టాడు. అది అప పంపింది కాదు.

మధ్యాహ్నం చుట్టాలు దిగారు. బురుల్చాకి పడుకున్నచోటే తెలిసిపోయింది. ముందు పాదాల దగ్గర ఎవరో లావుపాటాయన చతికిలబడ్డాడు. తర్వాత మోకాళ్ల దగ్గర ఇద్దరు. ఉడికిన మాంసం వాసన ఉన్నిలోంచి పైకొచ్చింది. దగ్గు ముంచుకొచ్చింది. దుప్పటి నోట్లో కుక్కుకుంది, పెళ్లికొడుకు ఏం పాపం చేశాడని. కానీ దగ్గు ఆగే రకం కాదు. వచ్చింది. వచ్చి, ఒళ్లంతా కుదిపేసింది.

అక్కడ అప ఇంట్లో సందడి ఆగిపోయింది. అంతలో ఒక అరచెయ్యి, ముసలిది, ఎముకలు తేలింది, సరిగ్గా ఆమె పక్కటెముకల కింద ఉన్నికి ఆనింది. ఆని, అలాగే ఉండిపోయింది. పిల్లల జ్వరం చూసే చెయ్యి అది. బురుల్చా ఊపిరి బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది? వదిలింది. ఛాతీలో పిల్లికూత వినిపించింది.

మర్నాడు అప స్వయంగా వచ్చింది, చేతిలో పులుసు గిన్నెతో. తివాచీ మీద కూర్చోలేదు. పొయ్యి పక్క పీట లాక్కుంది.

"సంతోషమేనా నీకు?" అంది.

"ఏమైంది అపా?"

"ఏం కావాలి? ఆ పిల్ల నాయనమ్మ చెయ్యి తీస్తేగా! ఈ జ్వరం ఎవరిదంది. మా షెడ్డులో పనిమనిషిదన్నాను. 'ఇందాక మా షెడ్డులో అందరూ బిడ్డలే అన్నావుగా, మరి బిడ్డని ఎలా చూస్తున్నావు?' అంది. నేను నోరు తెరిచేలోపల నూర్జాత్ లేదూ, కడుపున పుట్టిన శత్రువు! 'నా కాలు బెణికితే జీతమిచ్చారు, తనకి ఇవ్వట్లేదు' అనేసింది, రొట్టె నములుతూ."

బురుల్చాకి నవ్వొచ్చింది, దగ్గులో కలిసిపోయింది.

"నవ్వు, నవ్వు. అప్పుడా ముసలావిడ, సంబంధం ఖాయానికి పిల్లకి పెట్టమని నేనిచ్చిన చెవిరింగుల డబ్బీ నా ముందుకే తోసింది. 'మా పిల్ల కూడా మీ ఇంటికి పరాయి నెత్తురే కదమ్మా. ఇది మీ దగ్గరే ఉంచు. ఆ అమ్మాయి జ్వరం తగ్గాక వచ్చి, ఎలా తగ్గిందో ఈ ఉన్నినే అడిగి తీసుకుంటాను' అంది." అప తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంది. ఎర్మెక్ రాత్రి అన్నం ముట్టలేదట. "మూడు వారాలు పడుకో. జీతం ఇస్తాను."

బురుల్చా పైకప్పు వంక చూసింది.

"మరి తొతుగుల్ అక్కకి పోయిన నెల నడుం పట్టేసిందిగా?"

"అది వేరే సంగతి."

"ఎలా వేరే?"

"ఇది నీకూ నాకూ మధ్య మాట. ఊరందరినీ లాగకు."

బురుల్చా మెల్లగా లేచింది. వంగి తివాచీ కొస పట్టుకుంది. ఒక చుట్ట చుట్టింది. రెండో చుట్ట చుట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"నువ్వు చుట్టెయ్యమన్నావుగా అపా. తీసుకుపో. ఇక నా జ్వరం మీ ఇంటికి రాదు. తగ్గిందో పెరిగిందో ఎవరికీ తెలియదు."

అప పీట మీదనుంచి లేచిన వేగానికి పులుసు తొణికింది. "ఉండు, ఉండు! నేల మీద నిలబడకు ముందు!" అంటూ తన చేతులతోనే చుట్టలు విప్పి, మడతలు సరిచేసి, ఆమెని పడుకోబెట్టింది. పొయ్యిలో రెండు బొగ్గులు వేసింది.

"సరే. తొతుగుల్‌కి కూడా. డాక్టరు చీటీ తెచ్చిన ప్రతివాళ్లకీ. చాలా?"

"షెడ్డులో అందరి ముందూ చెప్పు."

"చెప్తానులే, మహాతల్లీ!"

చెప్పింది కూడా. కానీ ఆ రోజు తర్వాత అప ఆమెని 'బిడ్డా' అని ఎన్నడూ పిలవలేదు. పేరు పెట్టే పిలిచేది. మొదట్లో బురుల్చాకి మనసు కలుక్కుమనేది.

మంచు కరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె తివాచీ మీద కూర్చుని మొగుడి కోటుకి గుండీ కుడుతోంది. అరచేతి కింద ఉన్ని వెచ్చబడింది. ఎముకలు తేలిన చెయ్యి. బురుల్చా సూది పక్కన పెట్టి, తివాచీ మీద వెల్లకిలా పడుకుని, నిండుగా గాలి పీల్చి వదిలింది. ఛాతీలో ఎక్కడో అడుగున సన్నటి ఈల ఇంకా ఉంది. అదీ దాచలేదు.

ఆ చెయ్యి అక్కడే ఆగి, ఆ ఈల కూడా పూర్తిగా విన్నది. తర్వాత రెండుసార్లు తట్టింది. ఆ వెనకే, చిన్న డబ్బీ ఒకటి ఉన్ని మీదనుంచి ఆ చేతి వైపుకి జరిగినట్టు తెలిసింది.