కల్వంలో కాపలావాడు

వజ్రమ్మ పొత్తికడుపులో ఒక పొట్టేలు ఉంటోంది. డిపోలో అందరికీ ఆ సంగతి తెలుసు. బస్సు పొదిలి దాటగానే అది కొమ్ములు దించి లోపలి తలుపును కుమ్ముతుంది. కుమ్మిన ప్రతిసారీ కండక్టరు వజ్రమ్మ ఈల ఊదాల్సిందే, బస్సు ఆగాల్సిందే, ఆమె తుమ్మచెట్ల వెనక్కి పరిగెత్తాల్సిందే.

"ఇది కనిగిరి బస్సా, పొట్టేలు బస్సా? రేపట్నుంచి దానికీ టిక్కెట్టు కొట్టమ్మా," అంటాడు కిటికీ పక్క పెద్దమనిషి.

డిపో మేనేజరు ఒకే మాట చెప్పాడు. స్టాపు కాని చోట బస్సు ఇంకొక్కసారి ఆగితే వజ్రమ్మ టిక్కెట్ల సంచీ తీసి గోడకు తగిలిస్తారు. సంచీతోపాటు భుజం కూడా కోసి తీస్తారు. ఆ గోడకు ఇప్పటికే కొన్ని భుజాలు వేలాడుతున్నాయి.

డాక్టరమ్మ పొట్టేలు నుదుటి మీద గొట్టం పెట్టి చాలాసేపు వింటుంది. కళ్ళల్లో నీటికాసుల జబ్బులాంటివి ఉన్నాయా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడుగుతుంది. లేవంటుంది వజ్రమ్మ. అప్పుడు సొరుగులోంచి మాత్రల షీటు తీస్తుంది. ఒక్కో గుంటలో ఒక్కో కాపలావాడు ఖాకీ చొక్కాతో, వేపపుల్లంత కర్రతో నిద్రపోతున్నాడు.

"రోజుకు ఒక్కణ్ణే, నీళ్ళతో మింగాలి. నమలకూడదు, విరవకూడదు, నూరకూడదు. వీడు పొద్దుటినుంచి పొద్దుటిదాకా లోపల నిదానంగా నడిచే మనిషి. పొట్టేలు వీపు మీద చెయ్యేసి సముదాయిస్తాడు. కాకపోతే చూపు మందం. పక్క తలుపుల మీద కూడా ఒకటీ అరా దెబ్బ వేస్తాడు. నోరు ఎండుతుంది, చెమట తగ్గుతుంది, ఎండలో జాగ్రత్త. ఒంటేలు పూర్తిగా బిగుసుకుపోతే మాత్రం వెంటనే వచ్చెయ్యండి."

ఇంట్లో అత్త పిచ్చమ్మ కల్వం ముందు కూర్చుని ఉంది. ఆ ఇంట్లో మందన్నది కల్వంలో పడి తీరాలి. శొంఠి అయినా, జ్వరం బిళ్ళ అయినా, నూరి తేనెలో రంగరిస్తేనే అది మందు.

"నూరొద్దంది అత్తా, డాక్టరమ్మ."

"ఆమెకు కల్వం లేదు, అందుకని అంది. రాయిని మింగితే రాయే బయటికొస్తది. మీ మామకి కడదాకా నూరే పోశాను."

"మామ పోయాడు గదా."

"పోయాడు. నూరిన మందుతో పోయాడు. నాకు ఆ కొరత లేదు."

వజ్రమ్మ డిపో గోడను తలుచుకుంటుంది. నూరితే తొందరగా పట్టుద్దిలే అనుకుని కాపలావాణ్ణి కల్వంలో వేస్తుంది.

వాడు కళ్ళు తెరుస్తాడు. "అమ్మా, నన్ను ఒక్కణ్ణిగానే ఉండనియ్యండి," అంటాడు మర్యాదగా. పిచ్చమ్మ పొత్రం తీసుకుని వాడి మోకాళ్ళ దగ్గర మొదలుపెడుతుంది. ఎముకలు మిరియాల్లా చిట్లుతాయి. ఖాకీ పొడి పొడి అవుతుంది. ఆ పొడిలో రేణువు రేణువూ లేచి నిలబడుతుంది, ఒక్కోటీ ఒక నిండు కాపలావాడై, చేతిలో కర్రతో. అందరూ తేనెలోకి మోకాళ్ళదాకా దిగి వరస కడతారు. వజ్రమ్మ నాలిక చాపుతుంది.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. మందు పనిచెయ్యడం కళ్ళారా చూడాలని పిచ్చమ్మ కూడా కల్వం ఒళ్ళో పెట్టుకుని బస్సు వెనక సీట్లో కూర్చుంది. బస్సు పొదిలి దాటుతుంది. పొట్టేలు కొమ్ములు దించుతుంది.

వాళ్ళంతా ఒక్కుమ్మడిగా దాని మీద పడతారు. కొమ్ములు విరుస్తారు, కాళ్ళు కడతారు, మూతికి గోనె చుట్టి అది కదలడం మానేదాకా కొడతారు. తలుపుకు అడ్డంగా దూలాలు దిగేస్తారు. బస్సు తుమ్మచెట్ల దగ్గర ఆగకుండా సాగిపోతుంది. ప్రయాణికులు చప్పట్లు కొడతారు.

"గెలిచావక్కా!" అని అరుస్తాడు డ్రైవరు మస్తాను.

వజ్రమ్మ భుజం తడుముకుంటుంది. ఉంది.

కానీ వాళ్ళది రోజంతా చెయ్యాల్సిన పని. అది ఒక్క గడియలో అయిపోయింది. చేతుల్లో కర్రలు మిగిలే ఉన్నాయి.

కొందరు నోట్లోకి ఎక్కి నాలికను తడిబట్టలా పిండి కిటికీ ఊచ మీద ఆరేస్తారు. కొందరు కళ్ళకు సున్నం కొడతారు. టిక్కెట్ల మీది అక్షరాలు చీమలై ఆమె చేతి మీదికి పాకుతాయి. మిగతావాళ్ళు వెంట్రుకకొకడు చొప్పున నిలబడి చెమట రంధ్రాల్లో మేకులు దిగ్గొడతారు. గుండెను తలుపనుకుని తంతారు. తల్లోంచి కనిగిరి అనే ఊరిని జుట్టు పట్టి ఈడ్చుకుపోతారు.

స్టాపు వస్తుంది. ఒక ముసలామె మూటతో లేస్తుంది. వజ్రమ్మ ఈల నోట పెట్టుకుంటుంది. ఊదడానికి తడి లేదు. తీయబోతే పెదవి చర్మం ఈలతోపాటు ఊడి వస్తుంది. ఆమె చెయ్యి ఊపుతుంది.

"ఈల ఊదందే ఎట్ట ఆపేది?" అంటాడు మస్తాను. "ఆగని బస్సు కావాలంది నువ్వే గదక్కా."

కాపలావాళ్ళు వజ్రమ్మ చెవుల్లోంచి దూకి ముసలామెను మోకాళ్ళ మీద కొట్టి కూర్చోబెడతారు. తలుపు మూసి మేకులు కొడతారు. కిటికీలకు ఇటుకలు పేరుస్తారు. కిటికీ పక్క పెద్దమనిషి వజ్రమ్మను పట్టుకోబోతే అతని అరచెయ్యి పెనం మీద పడ్డట్టు చుర్రుమంటుంది.

ఇప్పుడు బస్సు ఆగకపోతే తను బతకదని వజ్రమ్మకు తెలుస్తుంది. వంగి, పొత్తికడుపు మీద రెండు చేతులూ వేస్తుంది.

"లెయ్యి నాయనా. కుమ్ము."

"కొమ్ములు లేవు," అంటుంది పొట్టేలు.

"తలుంది గదా."

అది కట్లు తెంపుకుని నుదురు చిట్లేదాకా కుమ్ముతుంది. బస్సు ముందద్దం పగిలి మస్తాను ఒడి నిండుతుంది. ఇంజను నేలకు ఒరుగుతుంది. బస్సు డాక్టరమ్మ గదిలో, ఆమె బల్లకు ఆనుకుని ఆగుతుంది.

డాక్టరమ్మ ఆమె ఒళ్ళంతా తడిగుడ్డలు కప్పి, సన్నటి గొట్టాన్ని దూలాల సందుగా లోపలికి పంపుతుంది. నీళ్ళు ఉరికి వస్తాయి, విరిగిన కర్రలతో, ఊడిన టోపీలతో.

"నూరారా?"

"నూరాం," అంటుంది వజ్రమ్మ.

"వాడి బలమంతా నిదానంలోనే ఉంది. నూరితే రోజు మొత్తం బలం ఒక్కసారే మీ మీద పడుతుంది."

"అయితే రేపు ఇద్దర్ని ఎయ్యమంటావా, ఇయ్యాల్టి లోటుకి?" అంటుంది వెనక సీట్లోంచి పిచ్చమ్మ.

"వద్దు పెద్దమ్మా. వీళ్ళంతా దిగిపోవాలి. తర్వాత నేను చెప్పినప్పుడు, ఒక్కడు. నిండుగా."

మేనేజరు కత్తితో వస్తాడు. స్టాపు కాని చోట బస్సు ఆగిందంటాడు. డాక్టరమ్మ గోడకు ఒక బోర్డు కొట్టి, "ఇది స్టాపే," అంటుంది. అతను బోర్డు చదివి, కత్తి మడిచి జేబులో పెట్టుకుంటాడు.

డాక్టరమ్మ చెప్పిన పొద్దున వజ్రమ్మ ఒక కాపలావాణ్ణి నీళ్ళతో మింగుతుంది. వాడు బస్సు ముందు నడుస్తున్నాడు, నెత్తురు కారే పొట్టేలు వీపు మీద చెయ్యేసి, అడుగులో అడుగుగా. బస్సు వాడి వెనక పాకుతోంది. తొందరపెట్టేవాళ్ళు లేరు. ఊళ్ళే లేచి, ఇళ్ళు భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వచ్చి, తమ మనుషుల్ని దింపుకుని పోతున్నాయి. వెనక సీట్లో పిచ్చమ్మ ఒడిలో కల్వం రెండు చెక్కలుగా పగిలి ఉంది. ఒక్కో చెక్కలోంచి ఒక్కో కొమ్ము మొలుస్తోంది, వెచ్చగా, నెత్తుటి తడితో. పిచ్చమ్మ పొత్రాన్ని చీర కొంగులో చుట్టుకుని, వాటిని ముట్టుకోకుండా చూస్తోంది.