ఎదిగిన పిల్ల

టైలరు కూతురు లెక్కల సారుతో తెగ నవ్వుతూ మాట్లాడుతోందని పక్కింటావిడ మా అత్తగారి చెవిన వేసిందట. నేను గిన్నెలు తోముతుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట నాకు అప్పజెప్పింది. అది పిల్లేం కాదట, కాపురం చేసేంత ఒడ్డూ పొడుగూ ఉందట. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, ముదురు, అన్నాడు. అంటూనే లేచి మా అమ్మాయి పుస్తకాల సంచీ తన భుజానికి తగిలించుకున్నాడు. రోడ్డు దాటించాలిగా, పసిది! ఇద్దరిదీ ఒకటే తరగతి. వయసులో టైలరు కూతురే చిన్నది.

నేను పనిచేసే బడిలో దాన్ని నాయనమ్మ అంటారు. చిన్న తరగతుల పిల్లల ముక్కులు తుడవడం, అన్నాలు తినిపించడం దాని నెత్తినే పెట్టి టీచర్లందరం తీరిగ్గా టీ తాగుతాం. నిన్న నా కొంగు పట్టుకుని మూలకు లాక్కెళ్లింది. సారు లెక్కలు దిద్దుతూ వీపు మీద చెయ్యేసి తియ్యడట. నవ్వకపోతే ఫెయిల్ చేస్తానంటాడట. చెబుతున్నంతసేపూ ఊగుతున్న పాలపన్నును నాలుకతో తోస్తూనే ఉంది.

నేను వెళ్లి చెబితే ఇవాళ హెడ్మాస్టరు నన్నూ దాన్నీ గదిలోకి పిలిచాడు. ఆ సారునీ పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. సారు ఎదుట పిల్లని నిలబెట్టొద్దన్నాను, వినలేదు. ఇదే మాట మా అమ్మాయి చెబితే మీరీపాటికి పోలీసులకు ఫోన్ చేసేవారు కదా అన్నాను.

"మీ అమ్మాయీ ఇదీ ఒకటేనా మేడమ్?"

లెక్కల సారు గోళ్లు చూసుకుంటున్నాడు. పెద్దకోడలివి, నువ్వే సర్దుకోవాలి అన్న మాట మింగీ మింగీ నా గొంతు ఎప్పుడో మొద్దుబారింది. నాకా మాట పెళ్లయ్యాక తగిలింది. దీనికి పాలపళ్లన్నీ ఊడకముందే తగులుతోంది. లేచి దాని పక్కన నిలబడ్డాను. పోలీసులకు నేనే చెబుతానన్నాను. ఉద్యోగం పోగొట్టుకుని వస్తే ఇంట్లో ఏమంటారో తెలుసు. చెప్పినా దీన్ని చూసి పోలీసులూ ముదురనే అంటారేమో, అదీ తెలుసు.

హెడ్మాస్టరు నన్ను వదిలేసి దాని వైపు తిరిగాడు.

"ఇంత ఎదిగావు. దూరంగా మసలుకోవాలని నీకు తెలియక్కర్లేదా?"

అది తలొంచుకోలేదు.

"సారు నాకంటే పెద్దోడే కదా. మరి ఆయనకి తెలీదా?"