ఊఁ మేడం

ఆసుపత్రి ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చునే ఆమె ముందు నోరు విప్పనివాళ్లు లేరు. గది నంబరు అడగడానికి వచ్చినవాళ్లు కూడా అత్తగారి మోకాళ్ల నొప్పి నుంచి మరిది పెళ్లి చెడిపోవడం దాకా ఏకరువు పెట్టి వెళ్లేవారు. వాటిలో రుచిగలవి ఏరి, పక్కనే మందుల కౌంటర్‌లో ఉండే అక్కకు వేడివేడిగా వడ్డించేది ఆమె. అలాంటి మనిషికి తొమ్మిదో తరగతి చదివే సొంత కూతురు మాత్రం కొరకరాని కొయ్య అయింది.

"ఏమైందే?"

"ఏం లేదు."

"మరి కంచం ముందు నుంచి లేచిపోతావేం?"

"ఏం లేదమ్మా."

బడికి బయల్దేరే వేళకు పిల్లకు కడుపునొప్పి వచ్చేది. రానురాను వెళ్లిన రోజులకంటే మానేసిన రోజులే ఎక్కువయ్యాయి. ఇలాగైతే పరీక్షకు కూర్చోనివ్వబోమని బడివాళ్లు తేల్చి చెప్పారు. తన ఆసుపత్రిలోనే స్కానింగ్ తీయిస్తే, డాక్టరు కూడా "ఏం లేదు" అనే అన్నాడు. బడిలో కౌన్సెలర్ ఉంటే ఒకసారి అక్కడికి పంపి చూడమన్నాడు.

ఆ కౌన్సెలర్‌కు పిల్లలు పెట్టిన పేరు ఊఁ మేడం. మెట్ల కింద ఇరుకు గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఎవరేం చెప్పినా అడ్డు రాకుండా "ఊఁ" అంటూ వింటుందట.

"ఊఁ కొట్టడానికి కూడా జీతమిస్తారా!" అని తల్లికి ఒళ్లు మండింది. అయినా గత్యంతరం లేక పంపింది.

కొన్ని వారాలకు కడుపునొప్పి తగ్గుముఖం పట్టింది. పిల్ల తనంతట తానే సంచి సర్దుకోసాగింది. తల్లికి ఒక పక్క సంతోషం, ఒక పక్క ఉక్రోషం. కన్నకూతురి చేత తాను చెప్పించలేనిది ఆవిడెవరో ఎలా చెప్పించింది? ఉండబట్టలేక ఓ రోజు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

"మా అమ్మాయి మీకేం చెప్పిందండీ?"

"అది తను చెప్పాలండీ. నేను చెప్పకూడదు."

"నేను కన్నతల్లినండీ!"

"ఊఁ," అంది ఆవిడ.

అంతే, ఇంకేమీ అనలేదు. ఆ ఖాళీ భరించలేక తల్లే మొదలుపెట్టింది. తన భయం, తన దిగులు, పిల్ల తనకు దూరమైపోతోందన్న ఏడుపు, అన్నీ వెళ్లగక్కింది. గేటు దాటాక గానీ, అడగడానికి వెళ్లి చెప్పి వచ్చానని ఆమెకు తట్టలేదు.

ఆ సాయంత్రం పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏమైందే?" అంది తల్లి అలవాటు కొద్దీ.

"ఉందమ్మా."

తల్లి చేతిలో గరిట ఆగిపోయింది.

"చెప్తాను. నువ్వు మాత్రం మధ్యలో మాట్లాడకూడదు."

"ఊఁ."

"క్లాసులో పైకి చదవాలంటే గొంతు వణుకుతుందని నీకు చెప్పాను కదా. నువ్వేమో నాలాగా చేసి చూపించి మందుల కౌంటర్ ఆంటీని నవ్వించావు. వాళ్లమ్మాయిది మా క్లాసే. మర్నాటి నుంచి నేను లేస్తే చాలు, అందరూ నాలాగే వణుకుతూ వెక్కిరించడం. అందుకే నువ్వేం అడిగినా ఏం లేదనేదాన్ని. నీకు చెప్తే ఊరందరికీ చెప్పినట్టే."

సరదాకన్నానే, అప్పుడే చెప్పొచ్చుగా, నాకేం తెలుసు... అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. తల్లి అన్నిటినీ మింగేసి "ఊఁ" అంది. అది కూడా సగమే బయటికొచ్చింది.

"ఇవాళ లేచి పాఠం చదివాను. నవ్వారు. అయినా మొత్తం చదివాకే కూర్చున్నాను."

పిల్ల గొంతు ఇప్పుడూ వణుకుతూనే ఉంది. కానీ ఎక్కడా ఆగలేదు, తల్లి ముఖం మీంచి చూపు తిప్పలేదు. తల్లికి సిగ్గుతో తల వాలిపోయింది, గర్వంతో గుండె పొంగిపోయింది. తల్లి తప్పును తల్లి ముఖం మీదే చెప్పగల ఈ పిల్ల తన కూతురే!

"తప్పు నాదేనమ్మా," అంది, స్టవ్ ఆపేసి పిల్లను దగ్గరికి లాక్కుంటూ.

మర్నాడు మందుల కౌంటర్ అక్క టీ కప్పుతో వచ్చింది.

"ఏంటోయ్, ముఖం వెలిగిపోతోంది! మీ అమ్మాయికి ఆ ఊఁ మేడం పనిచేసిందా ఏంటి?"

"భేషుగ్గా పనిచేసిందక్కా!"

"అవునా! ఇంతకీ పిల్ల మనసులో ఏముందట?" అంటూ అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆమెకు నోరు ఊరింది. నా కూతురు నవ్వేవాళ్ల ముందు నిలబడి పాఠమంతా చదివిందని ఆసుపత్రంతా వినబడేలా చాటాలనిపించింది. పేషెంట్లను పిలిచే మైకు చేతికందే దూరంలోనే ఉంది.

"ఏం లేదక్కా," అంది.