అమ్మిన ఎద్దు, పదిహేను మార్కులు

నేను ఒక పరీక్ష అట్టను. చెక్కపొట్టులో జిగురు కలిపి ఒత్తితే పుట్టాను. నెత్తిన ఇనుప క్లిప్పు బిగించిన రోజు నుంచీ నాకు తలనొప్పే. మొదట బ్యాంకు పరీక్షలు రాసే ఒక అమ్మాయి దగ్గర ఉన్నాను. పరీక్షకు ముందు నాకు పసుపు బొట్టు పెట్టేది, తప్పాక నన్నే తిట్టేది. చివరికి "దరిద్రపు అట్ట" అని పక్కింటి వరహాలమ్మకు ఇచ్చేసింది.

వరహాలమ్మ బొబ్బిలి వైపు ఒక చిన్న గ్రంథాలయంలో ఊడ్చే మనిషి. నలభై రెండేళ్ళు. దూరవిద్య డిగ్రీలో అన్నీ గట్టెక్కి, తెలుగు సాహిత్యం దగ్గర రెండుసార్లు చతికిలపడింది. ఈసారి పాసైతే అదే గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కుర్చీ ఆమెది. తప్పితే మళ్ళీ చీపురే, ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది.

రెండు నెలలు గైడు కాగితాలు నాకు తగిలించి, బీరువాల దుమ్ము దులుపుతూ బట్టీ పట్టింది, ముఖ్యంగా పాఠంలోని ఎద్దు పద్యాల జవాబు. "కరుణరసప్లావితమైన కవి హృదయము..." అని మొదలుపెడితే ఊపిరి తీసుకునేది కాదు. తీసుకుంటే తర్వాతి మాట పోతుందని భయం. వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది.

ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ అప్పలకొండ ఉండబట్టలేక అడిగాడు. "ఏటప్పా ఆ గొణుగుడు? ఆ పద్యాల్లో అసలేటుంది?"

వరహాలమ్మ చీపురు పక్కన పెట్టి కూర్చుంది. "ఏటుంటాది? కరువొచ్చింది. ఒక రైతు ఎద్దుని సంతలో అమ్మీసినాడు. అది ఏడు మైళ్ళు నడుసుకుని ఇంటికొచ్చీసింది. కొట్టి తోలనేడు, లోనికి రమ్మననేడు. గుమ్మం కాడ నిలబడిపోనాడు. దాని పలుపుతాడు ఇంకా సూరుకే ఏలాడతంది. దాన్ని సూడనేక తల దించీసుకున్నాడు."

అప్పలకొండ తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. ఆమె మాత్రం "నాకు సదువుంది, ఎల్లు" అని మళ్ళీ కరుణరసంలో పడింది.

పరీక్షలో మూడో ప్రశ్న అదే వచ్చింది. పదిహేను మార్కులు! ఆమె ముఖం వెలిగిపోయింది. నాలుగు వాక్యాలు గడగడా రాసింది. ఐదో దాని దగ్గర పెన్ను ఆగింది. మొదటినుంచి పెదాలు కదిపింది, మళ్ళీ అక్కడే ఆగింది. అరగంట గడిచింది. నన్ను గోళ్ళతో గీకింది. అయ్యో తల్లీ, ఎద్దు గురించి రాయవే! ఆ గుమ్మం గురించి రాయి! అప్పలకొండకు చెప్పిన ముక్కే రాసి పారెయ్! దేవుడు నాకు క్లిప్పు ఇచ్చాడు గాని నోరిచ్చి చావలేదు. గంట కొట్టారు. ఆ నాలుగు వాక్యాల కింద పేజీ అంతా తెల్లగానే వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక ముసలమ్మ, "ఏటడిగినారమ్మా పరీచ్చలో?" అంది. వరహాలమ్మ ఎద్దు కథంతా చెప్పింది. ముసలమ్మ ముక్కు చీదుకుంది.

"ఇదే రాసీసుంటావు గదా, పాసైపోతావులే."

"ఓలమ్మో! ఇదెవులు రాత్తారు? ఇది మన మాట. గైడులో నేదు కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళో ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను.

నాలుగంటే నాలుగు మార్కుల్లో పోయింది. ఇంక పరీక్షల మాటెత్తనని నన్ను గ్రంథాలయంలోనే పడేసింది. పుస్తకాలిచ్చే కుర్చీలోకి డిగ్రీ ఉన్న కొత్త మేడమ్ వచ్చింది. మంచి మనిషే. నాకు పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళ జాబితా తగిలించింది.

మొన్న ఒకాయన వచ్చి, "అమ్మిన ఎద్దు తిరిగొచ్చే పద్యాలు ఏ పుస్తకంలో ఉన్నాయండీ?" అని అడిగాడు.

మేడమ్ సంతకం కోసం నన్ను ఆయన ముందుకు జరిపింది.

"లోపల ఊడుస్తోంది చూడండి, ఆవిణ్ణి అడగండి. అవన్నీ ఆవిడకే తెలుసు."